జైలుగోడమీద దేశభాష

జైలులో పుట్టిన సాహిత్యమనగానే మనకు రామదాసు జ్ఞాపకం వస్తాడు. గోలకొండ చెరలో ఆయన నిష్ఠూరమాడినది రాముణ్ణే. కాని ఏలినవారినే నిలదీసి జైలుపాలైన రచయితల చరిత్ర వేరు. అందులో ఆఫ్రికా ఖండపు గూగీ వా థియోంగో కథ మనం వినదగినది.

కెన్యా 1963లో తెల్లవారి పాలననుండి విడివడింది. గూగీ ఇంగ్లీషులో నవలలు వ్రాసి పేరు పొందాడు. 1977లో వచ్చిన 'పెటల్స్ ఆఫ్ బ్లడ్' కొత్త దొరలను తీవ్రంగానే విమర్శించింది. అయినా ఆయన జోలికి ఎవరూ పోలేదు. అదే ఏడు కమిరీతు గ్రామంలో రైతులూ, కూలీలూ పాత్రధారులుగా, తమ గికూయు భాషలో ఒక నాటకం ఆడించాడు. కొద్ది వారాలకే నాటకాన్ని నిషేధించారు. డిసెంబరు నెలాఖరున గూగీని పట్టుకుపోయారు. ఇంగ్లీషు చదివేవారు కొద్దిమంది; గికూయు ఊరంతటికీ అర్థమవుతుంది. భయమంతా అక్కడే!

విచారణ లేకుండా మనిషిని నిర్బంధించడం తెల్లవారు నేర్పిన విద్య. 1952లో జోమో కెన్యాట్టాను బంధించినది వారే. ఆ కెన్యాట్టాయే అధ్యక్షుడై ఉండగా గూగీ జైలుకు పోవడం విధివైపరీత్యం. దొరలు పోయినా తాళంచెవి పోలేదన్నమాట!

కమిటీ జైలులో పాయిఖానా కాగితంపై గూగీ గికూయులోనే ఒక నవల వ్రాశాడు. 1978 డిసెంబరులో విడుదలైన తరువాత తానే దానిని ఇంగ్లీషు చేశాడు.

ఈ బాధ మనకు కొత్తది కాదు. నిజాం రాజ్యంలో, కోస్గివంటి ఊళ్ళవారికి సైతం, ఇంట్లో మాట తెలుగు, పైచదువు ఉర్దూ. ఆ రోజుల్లో నల్లగొండ జిల్లా బిడ్డ వట్టికోట ఆళ్వారుస్వామిగారు తెలుగు పుస్తకాలు మోసుకొని ఊరూరా తిరిగి అమ్మారు. 1948లో ఆయనా, దాశరథిగారూ నిజామాబాదు జైలులో కలిసి ఉన్నారు. కాగితం లేకపోతే దాశరథి బొగ్గుతో గోడపై పద్యాలు వ్రాశారు. 1949లో వెలువడిన 'అగ్నిధార'ను ఆళ్వారుస్వామిగారికే అంకితమిచ్చారు. ఆళ్వారుస్వామిగారు తోటి ఖైదీల బ్రతుకులను 'జైలు లోపల' కథలుగా మలిచారు.

తరువాతి ముచ్చట మరీ విశేషం. 1980 దశకంలో ఖైదులో ఉన్న వరవరరావుగారు గూగీ జైలు నవలను ఇంగ్లీషునుండి 'మట్టికాళ్ళ మహారాక్షసి' పేర తెలిగించారు. ఒక జైలులో గికూయులో పుట్టినది మరొక జైలులో తెలుగయింది. నడుమ ఇంగ్లీషు వంతెన మాత్రమే. గూగీ 2025లో కన్నుమూశాడు.

మన పిల్లలు ఇంగ్లీషు చదవవలసినదే. ఆ వంతెన లేకపోతే గూగీ మనదాకా వచ్చేవాడు కాదు. అయితే వంతెనమీద ఎవరూ కాపురం పెట్టరు. అటూ ఇటూ ఊళ్ళుంటేనే వంతెనతో పని.