ఒక్క పాయింటుతో ప్రపంచ విజేత



టీవీలో కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తే ఆటగాళ్లను చూసి "ఇదేం ఆట?" అని పిల్లలు అడిగితే, రగ్బీ అని చెప్పి ఊరుకుంటాం. నిజానికి అందులో రెండు రకాలున్నాయి. టీమ్‌కు 15 మంది ఆడేది యూనియన్, 13 మంది ఆడేది లీగ్. ఈ నెల మనం చెప్పుకునేది లీగ్ గురించి.

ఈ రెండూ విడిపోయింది కూలి డబ్బుల దగ్గర. ఉత్తర ఇంగ్లండ్‌లో గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్లకు శనివారం మ్యాచ్‌కు వస్తే ఆ పూట జీతం పోయేది. ఆ నష్టం క్లబ్బులు ఇస్తామన్నా రగ్బీ పెద్దలు ఒప్పుకోలేదు. దాంతో 1895లో హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్లో సమావేశమై ఉత్తరాది క్లబ్బులు వేరు కుంపటి పెట్టుకున్నాయి. తర్వాత ఆ ఆట ఆస్ట్రేలియాకూ చేరింది.

ఇంగ్లండ్‌లోని సూపర్ లీగ్ విజేత, ఆస్ట్రేలియాలోని ఎన్‌ఆర్‌ఎల్ విజేత తలపడే మ్యాచే వరల్డ్ క్లబ్ ఛాలెంజ్. రెండు లీగులు ఆడితే 'వరల్డ్' ఎలా అవుతుందని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే! కానీ ఈ ఆటలో గట్టి క్లబ్బులన్నీ దాదాపు ఆ రెండింటిలోనే ఉన్నాయి.

రూల్స్ కష్టమేమీ కాదు. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. కబడ్డీలో లాగే పట్టేసి ఆపుతారు. ఒక టీమ్‌కు ఆరు ట్యాకిల్స్ వరకే అవకాశం, ఆ తర్వాత బంతి ఎదుటివారిది. ఎదుటివారి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే 'ట్రై', 4 పాయింట్లు. ఆపై గోల్ కొడితే 2. ఆట మధ్యలో బంతిని చేతిలోంచి జారవిడిచి, అది నేల తాకి లేస్తుండగా స్తంభాల మధ్య నుంచి అడ్డుకర్ర పైగా తన్నితే డ్రాప్ గోల్. దానికి సాధారణంగా ఒక్కటే పాయింట్.

ఆ ఒక్క పాయింటే 2023 ఫిబ్రవరిలో కప్పు ఎవరిదో తేల్చింది. గాజు పరిశ్రమకు పేరుపడ్డ సెయింట్ హెలెన్స్ పట్టణపు టీమ్, చలికాలపు ఇంగ్లండ్ నుంచి సిడ్నీ ఎండల్లోకి వెళ్లి పెన్‌రిత్ టీమ్‌తో వాళ్ల సొంత గ్రౌండ్‌లోనే ఆడింది. చివరి నిమిషాల దాకా ముందంజలో ఉంది. అంతలో బ్రయన్ టోఓ ట్రై, నేథన్ క్లియరీ గోల్‌తో స్కోరు 12-12 అయింది. ఎక్స్‌ట్రా టైమ్‌లో ముందు పాయింటు సాధించినవారిదే కప్పు. కాలి గాయంతో ముందటి సీజన్‌లో చాలా భాగం ఆటకు దూరమైన లూయిస్ డాడ్ డ్రాప్ గోల్ కొట్టాడు. 13-12! అంతకుముందు ఇంగ్లిష్ క్లబ్ ఆస్ట్రేలియాలో ఈ కప్పు గెలిచింది 1994లో, అది విగన్ టీమ్.

పెన్‌రిత్ 2021 నుంచి 2024 వరకు వరసగా నాలుగుసార్లు ఎన్‌ఆర్‌ఎల్ గెలిచింది. ఈ కప్పు మాత్రం చేతికందలేదు. 2024లోనూ విగన్ చేతిలో 16-12తో ఓడింది.

పిల్లలతో కలిసి చూస్తే ట్యాకిల్స్ లెక్కపెట్టమనండి. ఐదోది అవగానే సాధారణంగా బంతిని తన్నేస్తారు. ఎవరు తన్నుతారో ముందే చెప్పమనండి.