మీకు తెలుసా? వట్టి నీళ్లకూ గ్రాఫులో శిఖరం లేస్తుంది

టానిక్ వాటర్ సీసాను అతినీలలోహిత దీపం కింద పెడితే లోపలి నీళ్లు నీలంగా మెరుస్తాయి. అది అందులోని క్వినైన్ మహిమ. 1845లో జాన్ హెర్షెల్ ఈ నీలి మెరుపు గురించి రాశాడు. 1852లో జార్జ్ స్టోక్స్ దాని గుట్టు విప్పాడు: కంటికి కనబడని కాంతిని పీల్చుకుని, అంతకంటే ఎక్కువ తరంగదైర్ఘ్యమున్న కాంతిని క్వినైన్ బయటికి వదులుతోంది. ఇదే ప్రతిదీప్తి, అంటే ఫ్లోరోసెన్స్.

దీన్ని కొలిచే పరికరం స్పెక్ట్రోఫ్లోరోమీటర్. అది గీసే గ్రాఫులో మాత్రం అంతా క్వినైన్ వెలుగే ఉండదు. బాగా పలచటి క్వినైన్ ద్రావణం మీద 350 నానోమీటర్ల కాంతి వేసి చూడండి. 450 దగ్గర లేచే పెద్ద శిఖరం క్వినైన్‌దే. 397 దగ్గర కనబడే చిన్నది నీటిది, 1928లో సి.వి. రామన్ కనిపెట్టిన కాంతి పరిక్షేపణమే అది. 700 దగ్గర ఇంకొకటి కనిపించిందా? అది అచ్చంగా పరికరం పుట్టించిందే. కాంతిని విడదీసే గ్రేటింగ్, 700 కాంతిని పంపే దిక్కుకే దానిలో సగమైన 350 కాంతిని కూడా పంపుతుంది. దారిలో సరైన ఫిల్టర్ పెడితే ఈ దొంగ శిఖరం మాయమవుతుంది.

ఎవరిది ఏ శిఖరమో తేల్చే ఉపాయం చాలా సులువు, అందుకే నాకెంతో ఇష్టం. వేసే కాంతిని 350 నుంచి 340కి మార్చండి. నీటి శిఖరం 384కి, దొంగ శిఖరం 680కి జరుగుతాయి. క్వినైన్ శిఖరం మాత్రం 450 దగ్గరే ఉంటుంది.

లేని శిఖరం కంటే, ఉన్నది కుంగిపోవడమే పెద్ద చిక్కు. పచ్చని ఆకులోని క్లోరోఫిల్ 685, 740 ప్రాంతాల్లో రెండు శిఖరాలు చూపుతుంది. పరికరంలో వెలుగును పసిగట్టే మామూలు ఫోటోమల్టిప్లయర్ గొట్టానికి ముదురు ఎరుపు సరిగా ఆనదు. అందుకే 740 శిఖరం ఉన్నదానికంటే పొట్టిగా కనబడుతుంది. ఆ రెండింటి నిష్పత్తిని బట్టి ఆకులో క్లోరోఫిల్ ఎంతుందో అంచనా వేసేవాళ్ల లెక్క అక్కడే తప్పుతుంది. వెలుగు ఏ తరంగదైర్ఘ్యంలో ఎంతో ముందే తెలిసిన దీపంతో పరికరాన్ని సరిచూసి, ఆ తేడాను గ్రాఫులో సరిదిద్దాలి. నీలి ప్రాంతానికైతే క్వినైన్ సల్ఫేటే ప్రామాణికంగా పనికొస్తుంది.

పరిశోధక విద్యార్థులకు ఒక్క మనవి: గ్రాఫు కింద ‘సరిదిద్దినది’ అనో ‘సరిదిద్దనిది’ అనో తప్పకుండా రాయండి. క్వినైన్ కలపని వట్టి ద్రావణి గ్రాఫునూ పక్కనే ఇవ్వండి.