ముందు అడ్డమేమీ లేదు, మరి బండి ఎందుకు ఆగింది?

మన పాత కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలకు సముద్రం లేదు. ఆ రెండింటి నడుమ పారే గోదావరి ఒడ్డే మనకు సముద్రతీరం. ఎండాకాలం సెలవుల్లో బాసరకో, ధర్మపురికో, కాళేశ్వరానికో వెళ్లి, ఇసుకలో ఆడుకొని, నీళ్లలో మునిగి రావడం మీలో చాలామందికి అలవాటే. అయితే ఆ ఒడ్డు చేరేలోగా దారిలో గంటల తరబడి బండి ఆగిపోవడం కూడా చాలామంది చూసే ఉంటారు.

2025 మే 15 నుంచి 26 వరకు కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగాయి. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు అది. సరస్వతి కూడా అక్కడ అంతర్వాహినిగా కలుస్తుందని భక్తుల నమ్మకం. మండుటెండల కాలం, పైగా బడులకు సెలవులు. చివరి శని, ఆదివారాల్లో మహాదేవపూర్ వైపు వాహనాలు కిలోమీటర్ల పొడవున బారులు తీరాయి. ఇలాంటి చోట ఇరుక్కున్న ప్రతివాడూ అడిగేది ఒకటే ప్రశ్న: "ముందర ఏమైంది?" ఒక్కోసారి ముందుకు పోయి చూస్తే ఏమీ ఉండదు! ప్రమాదం జరగలేదు, చెట్టు కూలలేదు. మరి బండ్లు ఎందుకు ఆగాయి? ఈ ప్రశ్నకు భౌతికశాస్త్రం మంచి జవాబు చెబుతుంది.

సీసా మెడ

నీళ్లు నిండిన సీసాను బోర్లిస్తే నీళ్లన్నీ ఒక్కసారిగా రావు. మెడ ఎంత వెడల్పు ఉంటే అంతే వస్తాయి. కాళేశ్వరం దారి కూడా అలాంటిదే. కరీంనగర్ నుంచి మంథని మీదుగా వచ్చే దారి, వరంగల్ నుంచి భూపాలపల్లి మీదుగా వచ్చే దారి కాటారం దగ్గర కలుస్తాయి. అక్కడి నుంచి అందరిదీ ఒకే బాట. ఆ బాట చివర బండ్లు నిలిపే స్థలం ఉంటుంది. దాని ద్వారమే సీసా మెడ.

ఒక లెక్క వేద్దాం. అంకెలు లెక్క కోసం తీసుకున్నవే. ఆ ద్వారం గుండా గంటకు 1200 బండ్లు లోపలికి పోగలవనుకోండి. ఉదయం 6 నుంచి 9 దాకా గంటకు 1800 బండ్లు వచ్చాయి. అంటే గంటకు 600 బండ్లు మిగిలిపోతాయి. 9 గంటలకు నిలిచిన బండ్లు 1800. ఒక్కో బండికి 8 మీటర్ల చోటు అనుకుంటే, వరస పొడవు 14 కిలోమీటర్లు దాటింది! చిట్టచివరి బండి గంటన్నర ఆగాలి.

9 తర్వాత రద్దీ బాగా తగ్గి, గంటకు 600 బండ్లే వస్తున్నాయనుకుందాం. అప్పుడు వరస గంటకు 600 చొప్పున తరుగుతుంది. పూర్తిగా కరగడానికి ఇంకా మూడు గంటలు, అంటే మధ్యాహ్నం 12 అవుతుంది. రద్దీ ఎప్పుడో తగ్గినా 11 గంటలకు వచ్చినవాడు కూడా ఎండలో ఆగవలసిందే.

ఇప్పుడు మొత్తం బండ్లు కూడండి. మొదటి మూడు గంటల్లో 5400, తర్వాతి మూడు గంటల్లో 1800, వెరసి 7200. ఇవే బండ్లు ఆరు గంటల్లో సమంగా వచ్చి ఉంటే గంటకు సరిగ్గా 1200. ఎవరూ ఆగనక్కరలేదు! దారి అదే, ద్వారం అదే, బండ్లూ అన్నే. అందరూ ఒకే వేళకు బయలుదేరడమే చిక్కు తెచ్చింది.

వెనక్కి పరుగెత్తే అల

అయితే సీసా మెడ లేని చోట కూడా బండ్లు ఆగుతాయి. దీన్ని 2008లో జపానుకు చెందిన యూకీ సుగియామా బృందం ప్రయోగంతో నిరూపించింది. 230 మీటర్ల చుట్టుకొలత గల గుండ్రని బాటపై 22 కార్లను నడిపించారు. అందరూ గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో సమంగా నడపాలని చెప్పారు. ఆ బాటలో కూడలి లేదు, గుంత లేదు, అడ్డం వచ్చే పశువు లేదు. కాసేపు అంతా సాఫీగానే సాగింది. కొంతసేపటికి నాలుగైదు కార్లు ఒకచోట గుమిగూడి ఆగిపోయాయి. ముందున్న కారు కదిలిపోతూ ఉంటే వెనక నుంచి మరో కారు వచ్చి చేరుతూ ఉంది. కార్లు ముందుకు పోతున్నాయి, కాని ఆ 'గుంపు' మాత్రం గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కి జరుగుతూ పోయింది!

ఎందుకిలా జరుగుతుంది? ముందు బండి కొంచెం నెమ్మదించిందనుకోండి. వెనక డ్రైవరు అది చూసి, బ్రేకు మీద కాలు వేసేసరికి ఒక సెకను గడుస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఆ ఒక్క సెకనులో బండి 11 మీటర్లు పోతుంది. దగ్గరగా వచ్చేశాను కాబట్టి అతడు ముందువాడికన్నా గట్టిగా బ్రేకు వేస్తాడు. అతడి వెనకవాడు ఇంకా గట్టిగా వేస్తాడు. అలా పెరుగుతూ పోయి, ఇరవయ్యో బండి పూర్తిగా ఆగిపోతుంది. అప్పటికి మొదటి బండి ఎంతో దూరం వెళ్లిపోయి ఉంటుంది. తన వెనక ఏం జరిగిందో ఆ డ్రైవరుకు తెలియనే తెలియదు.

చెరువులో రాయి వేస్తే అల ఒడ్డు దాకా వస్తుంది. కాని నీటి మీద తేలే ఆకు ఉన్నచోటే లేచి పడుతుంది. కదిలేది అల, నీరు కాదు. ట్రాఫిక్ జాం కూడా అలాంటి అలే. బ్రిటిషు గణితజ్ఞులు లైట్‌హిల్, విథమ్ 1955లోనే రోడ్డుపై వాహనాల ప్రవాహాన్ని ఇలాంటి అలలతో వివరించారు.

హారను కొడితే లాభమేమిటి?

ఆగిన వరస కదలడం కూడా అలలాగే జరుగుతుంది. ముందు బండి కదిలిన సుమారు ఒకటిన్నర సెకనుకు వెనక బండి కదులుతుంది. కాబట్టి వందో బండికి కదలిక చేరేసరికి 150 సెకన్లు, అంటే రెండున్నర నిమిషాలు పడుతుంది. ఆలోగా ఎంత హారను కొట్టినా ఆ అల వేగం పెరగదు. చెవులు గింగురుమనడం తప్ప ఫలితం లేదు.

ఇరుకైతే ఎక్కువమంది పోతారా?

"సందు వదిలితే చోటు వృథా" అని కొందరి వాదన. లెక్క చూడండి. 40 కిలోమీటర్ల వేగంతో, ఒక బండికీ మరో బండికీ మధ్య రెండు సెకన్ల ఎడం ఉంటే కిలోమీటరుకు 45 బండ్లు ఉంటాయి. 45ను 40తో గుణిస్తే గంటకు 1800 బండ్లు దాటుతాయి. అవే బండ్లు ఇరుక్కుని కిలోమీటరుకు 125 అయితే వేగం 5 కిలోమీటర్లకు పడిపోతుందనుకుందాం. 125ను 5తో గుణిస్తే గంటకు 625 మాత్రమే. రోడ్డు నిండుగా కనబడుతుంది, కాని దాటేవారు మూడో వంతే! సందు వృథా కాదు. ముందువాడు వేసే చిన్న బ్రేకును మింగేసే దిండు అది. ఎడం ఉన్న డ్రైవరు బ్రేకు వేయకుండా కాస్త నెమ్మదిస్తే చాలు, అల అక్కడే చచ్చిపోతుంది.

ఈ విషయంలో చీమలు మనకు గురువులు. ఐఐటీ కాన్పూరు ఆచార్యుడు దేబాశీష్ చౌధురి, జర్మనీ, జపాను శాస్త్రజ్ఞులతో కలిసి చీమల బారులను పరిశీలించి, ఆ ఫలితాలను 2009లో ప్రకటించాడు. బారులో చీమలు ఎక్కువైనా వాటి సగటు వేగం తగ్గలేదు. అవి ఒకదాన్నొకటి దాటిపోవాలని చూడలేదు. గుంపులు గుంపులుగా ఒకే వేగంతో నడిచాయి. మీ ఇంటి గోడ మీది బారును మీరే గమనించి చూడండి.

మనుషులు చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. వరస ఆగగానే ఒకడు కుడివైపు దూరి ముందుకు పోతాడు. అతణ్ణి చూసి మరో పదిమంది. ఎదురుగా వచ్చే బస్సు వారి ముందు నిలుస్తుంది. ఇప్పుడు పోయేవారు లేరు, వచ్చేవారు లేరు. ఒడ్డున ఎండదెబ్బ తగిలినవాణ్ణి తీసుకొచ్చే 108 అంబులెన్సుకు కూడా తిరుగు దారి లేదు. పది నిమిషాలు ఆదా చేద్దామనుకున్నవాడు ఒకరి ప్రాణానికి అడ్డుపడ్డాడు. అలకు విరుగుడు ఎడం, కాని ఇలా పడిన ముడికి పోలీసులు వచ్చి ఒక్కొక్క బండినీ వెనక్కి తీయించడమే విరుగుడు. మేడారం జాతరలో సొంత వాహనాలను పస్రా, నార్లాపూర్ మీదుగా, ఆర్టీసీ బస్సులను తాడ్వాయి మీదుగా పంపేది ఇలాంటి ముడి పడకుండా ఉండాలనే.

మనం చేయగలిగింది

శని, ఆదివారాలు మాని, పనిరోజున బయలుదేరడం మేలు. కుదరకపోతే తెల్లవారక ముందే ఒడ్డు చేరండి. వీలైతే బస్సెక్కండి. 50 మంది ఒక్క బస్సులో పోతే రోడ్డుపై 12 మీటర్లు చాలు. అదే 50 మంది అయిదుగురు చొప్పున కార్లలో పోతే పది కార్లు కావాలి. రెండు దారులు కలిసే చోట ఇటు నుంచి ఒకటి, అటు నుంచి ఒకటి, జిప్పు పళ్లు కలిసినట్లు కలవాలి. మంచినీళ్లు, మజ్జిగ వెంట ఉంచుకోవాలి. మన రామగుండం, ఆదిలాబాదు ప్రాంతాల్లో మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరడం కొత్త కాదు. ఎండలో నిలిపి అద్దాలు మూసిన కారు లోపల అరగంటలోనే బయటికన్నా 15 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. చంటిపిల్లలను, ముసలివారిని అందులో ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వదలకూడదు.

మీరే చేసి చూడండి

బడి మైదానంలో 4 మీటర్ల వ్యాసార్ధంతో సున్నం వృత్తం గీయండి. చుట్టుకొలత సుమారు 25 మీటర్లు. మొదట పదిమంది దాని మీద ఒకరి వెనక ఒకరు నడవాలి, ఎవరినీ దాటకూడదు. ఒకచోట అడ్డగీత గీసి, ఒక నిమిషంలో దాన్ని ఎంతమంది దాటారో ఒకరు లెక్కించాలి. తర్వాత ఇరవై మందితో, ఆ తర్వాత నలభై మందితో ఇలాగే చేయండి. వృత్తం మీది మనుషుల సంఖ్యను అడ్డంగా, దాటినవారి సంఖ్యను నిలువుగా తీసుకొని గ్రాఫు గీయండి. గీత మొదట పైకి ఎక్కి, తర్వాత కిందికి దిగుతుంది. నలభై మంది ఉన్నప్పుడు ఎత్తయిన చోట నిలబడి చూస్తే, ఆగినవారి గుంపు వెనక్కి జరగడం కూడా మీ కంటికి కనబడుతుంది.

2027 గోదావరి పుష్కరాల సంవత్సరం. బాసర నుంచి కాళేశ్వరం దాకా మన ఒడ్డంతా జనమే ఉంటుంది. ఈ లెక్కను అప్పటిలోగా మీ ఇంట్లో బండి నడిపేవారికి ఒకసారి కాగితం మీద వేసి చూపించండి.