నీళ్ళ మీదికి పోయేవాళ్ళ కబురు ఇంట్లో ఉండాల

మిల్లులు మూతపడినాక మన పిల్లకాయలు తలా ఒక దిక్కుకు పనికి పోతా ఉన్నారు. కొందరు గుమ్మిడిపూండి కంపెనీలకు పోతారు, కొందరు శ్రీపెరంబుదూరు బస్సెక్కుతారు. సముద్రం పక్కకు పోయినోళ్ళు కూడా ఉన్నారు. కాశిమేడు హార్బరులో ఐసు మోసేవాళ్ళు, బోట్లలో వంటకు కుదిరినోళ్ళు, రొయ్యల గుంటలకు కాపలా ఉండేవాళ్ళు మన వీధుల్లోనే ఉన్నారు. తిరుత్తణి కొండ కింద పుట్టిన మనకు నీళ్ళంటే బావి, చెరువు, ఆడికృత్తికకు కోనేట్లో జరిగే తెప్పోత్సవం. అందుకే కొడుకో అల్లుడో పడవెక్కినాడంటే ఇంట్లో ఆడవాళ్ళకు నిద్ర పట్టదు. ఫోన్ చేస్తే ‘అందుబాటులో లేరు’ అని వస్తుంది. ఆ మాటకు అర్థం ఏందో వాళ్ళకు చెప్పేవాళ్ళు ఉండరు.

ఇప్పుడు ఇంకో సంగతి వచ్చింది. మన కాలనీ కుర్రోళ్ళు ఎనిమిదిమంది ఫిబ్రవరిలో పులికాటు చెరువులో తెరచాప పడవ మీద ఇరకం దీవికి పోయి, ఒక రాత్రి ఉండి రావాలని మాట్లాడుకుంటా ఉన్నారు. నా వియ్యంకుడిది ఆరంబాకం. వాళ్ళ తమ్ముడికి ఆ నీళ్ళ మీద ముప్పై ఏండ్ల అనుభవం ఉంది. అందుకని వాళ్ళ అమ్మలు నా దగ్గరకు వచ్చి ‘పెద్దాయనా, పంపించచ్చా?’ అని అడిగినారు. పంపించచ్చు. అయితే పడవ కన్నా ముందు కబురు ఏర్పాటు చేసుకోవాల. అది ఎట్లాగో అందరికీ పనికొస్తుందని రాస్తా ఉన్నాను.

ఆ నీళ్ళు ఎట్లాంటివి

పులికాటు మన తిరువళ్ళూరు జిల్లాలోదే. తమిళంలో పళవేర్కాడు అంటారు, మన పాత తెలుగువాళ్ళు ప్రళయకావేరి అన్నారు. దేశంలో ఉప్పునీటి సరస్సుల్లో చిలక తర్వాత పెద్దది ఇదే. ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 60 కిలోమీటర్లు ఉంటుంది. ఎక్కువ భాగం ఆంధ్రలో, తక్కువ భాగం తమిళనాడులో ఉంది. తూర్పున శ్రీహరికోట అడ్డంగా ఉంటుంది. దాని అవతల సముద్రం.

ఇరకం ఈ చెరువు నడుమ ఉన్న తెలుగు ఊరు. ఆంధ్ర తడ మండలంలోది. ఆ ఊరివాళ్ళు సరుకులకైనా ఆసుపత్రికైనా పడవెక్కి మన తమిళనాడు ఆరంబాకానికే వస్తారు. కాబట్టి వాళ్ళకు ఇది విహారం కాదు, మనం టౌను బస్సెక్కినట్టు.

చెరువు లోతు తక్కువ. చాలా చోట్ల మనిషి నిలబడితే నడుముకు కూడా రాదు. లోతు లేదు కదా, భయమేంది అనుకోకండి. అడుగున బురద ఉంటుంది. ఎండాకాలంలో నీళ్ళు తగ్గితే పడవ కూరుకుపోతుంది. గడ వేసి తోసినా కదలదు. చీకటి పడితే ఏ దిక్కు ఒడ్డో తెలియదు. మనిషికి ప్రాణభయం లేకపోయినా, ఆ రాత్రంతా ఇంట్లో వాళ్ళ గతి ఏంది?

గాలి గురించి వియ్యంకుడి తమ్ముడు చెప్పినాడు. ‘తెల్లారుజామున గాలి నేల మీద నుంచి నీళ్ళ మీదికి పోతాదన్నా. ఆ గాలికి చాప ఎత్తితే దీవికి తోలుకుపోతాది. మధ్యాన్నం సముద్రం గాలి తిరుగుతాది, అప్పుడు ఒడ్డుకు తోలుకొస్తాది. గాలికి ఎదురు పోవాలనుకునేవాడే రాత్రికి నీళ్ళ మీద ఉంటాడు.’ అందుకే పోయేది పొద్దున, వచ్చేది మధ్యాన్నం అని ముందే ఖాయం చేసుకోవాల. అట్లా ఖాయం చేస్తేనే ఇంట్లోవాళ్ళకు కూడా ఎప్పుడు ఎదురు చూడాలో తెలుస్తుంది.

వెనకటి పడవలవాళ్ళ కబురు

ఈ చెరువుకూ మన నూలు పనికీ పాత సంబంధం ఉంది. 1613లో డచ్చివాళ్ళు పులికాటులో కోట కట్టినారు. ఈ పక్క నేతగాళ్ళు నేసిన, అద్దకం వేసిన గుడ్డలు ఆ రేవు నుంచే ఓడలెక్కి తూర్పు దీవులకు పోయినాయి. గళ్ళ రుమాలుకు పులికాటు అనే పేరే నిలిచిపోయింది.

తర్వాత ఇంగ్లీషువాళ్ళ కాలంలో కాలువ వచ్చింది. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దిక్కుకు మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా ఉత్తరానికి తవ్వుకుంటా పోయినారు. 1876-78 కరువులో కూలీలకు పని కావాల కదా, అప్పుడు కొంత భాగం తవ్వించినారు. గవర్నరు పేరుతో బకింగ్‌హాం కాలువ అయింది. పెరంబూరులో మనవాళ్ళు ఎంతోమంది పనిచేసిన మిల్లుకూ అదే పేరు. పెదగంజాం దగ్గర అది కృష్ణా కాలువలతో కలుస్తుంది. కాబట్టి ఆ కాలంలో కాకినాడ నుంచి పడవెక్కినోడు సముద్రంలోకి పోకుండానే మద్రాసు చేరేవాడు. బియ్యం, ఉప్పు, వంటచెరుకు అట్లానే వచ్చేది. గాలి ఉంటే తెరచాప, లేకపోతే మనుషులు గట్టున నడుస్తా తాడుతో లాగేవాళ్ళు.

ఆ కాలంలో ఫోన్ యాడుంది? లాకుల దగ్గర పడవలు ఆగక తప్పదు. ఆడ ఎదురొచ్చిన పడవకు ఇంటి కబురు చెప్పి పంపుతారు. ఫలానా వాడి పడవ ఫలానా లాకు దాటిందని తెలిస్తే ఇంట్లో లెక్కేసుకుంటారు, ఇంకో నాలుగు దినాలు అని. పడవ ఏ దారిన పోతుంది, యాడ ఆగుతుంది, ఎవరు చూస్తారు, ఈ మూడూ ఇంట్లో తెలుసు. ఇప్పుడు చేతిలో ఫోన్ ఉంది, ఈ మూడూ తెలియదు.

మిల్లులో మనకు కూడా ఇట్లాంటిదే ఉండేది. గేటు దగ్గర టైం ఆఫీసులో టోకెన్ల బోర్డు. లోపలికి పోయేటప్పుడు బిళ్ళ తీసుకుంటాం, బయటికొచ్చేటప్పుడు తగిలిస్తాం. ఏదైనా ప్రమాదం జరిగితే బోర్డు చూస్తే చాలు, లోపల ఎవరున్నారో తెలిసిపోతుంది. నీళ్ళ మీదికి పోయేవాడి టోకెను ఇంట్లో ఉండాల.

సముద్రంలోకి పోయేవాళ్ళ సంగతి

నా చెల్లెలి కొడుకు కాశిమేడు నుంచి పోయే ఒక బోటులో కొన్ని ఏండ్లు వంటవాడుగా ఉన్నాడు. ఒకసారి ఆరో దినం రావాల్సిన బోటు ఎనిమిదో దినం కూడా రాలేదు. వాడి పెండ్లానికి తెలిసింది వాడి ఫోన్ నంబరు ఒక్కటే. ఆ ఫోన్ పలకడం లేదు. బోటు పేరు తెలియదు, ఓనరు ఎవరో తెలియదు. హార్బరుకు పోతే వందల బోట్లు. ‘ఏ బోటమ్మా? నంబరేంది?’ అని అడిగితే ఆ పిల్ల ఏడవడం తప్ప ఏం చెబుతుంది? ఒక టీ కొట్టాయన వాడిని ముఖం గుర్తు పట్టి ఓనరు ఇంటికి తీసుకుపోయినాడు. ఇంజను చెడిపోయి ఇంకో బోటు వాళ్ళను కృష్ణపట్నానికి లాక్కుపోయిందని, అందరూ బాగున్నారని ఓనరుకు ఆ పొద్దునే తెలిసిందట. ఈ ఇంటికి చెప్పాలంటే వాళ్ళ దగ్గర కూడా ఈ ఇంటి నంబరు లేదు. బోటు నంబరు ఒక కాగితం మీద ఉండి ఉంటే రెండు దినాల ఏడుపు ఒక గంటలో తీరేది.

ప్రతి చేపల బోటుకూ రిజిస్టరు నంబరు పక్కన రాసి ఉంటుంది. మన రాష్ట్రానివి ఐఎన్‌డీ టీఎన్ అని మొదలవుతాయి. అది ఫోటో తీసి ఇంట్లో ఇచ్చి పొమ్మని చెప్పండి.

2017 నవంబరు ఆఖరులో ఓఖీ తుపాను కన్యాకుమారి పక్క కొట్టింది. అప్పటికే చాలా దూరం పోయిన బోట్లకు ఒడ్డున చెప్పిన హెచ్చరిక అందలేదు. తమిళనాడు, కేరళ కుటుంబాలు ఎన్నో మగదిక్కు లేకుండా పోయినాయి. ఆ తర్వాతే సముద్రంలో ఉన్నవాడికి కబురు ఎట్లా చేర్చాలని గట్టిగా పని జరిగింది. ఇప్పుడు ఉన్నవి ఏందో, ఏది ఎంతవరకు పనిచేస్తుందో తెలుసుకోండి.

మామూలు సెల్‌ఫోన్ ఒడ్డున ఉన్న టవరు మీద ఆధారపడింది. టవరుకు దూరం అయ్యేకొద్దీ మూగదవుతుంది. నడిసముద్రంలో దాన్ని నమ్ముకోకూడదు.

వీహెచ్‌ఎఫ్ రేడియో బోటుకూ బోటుకూ, బోటుకూ ఒడ్డుకూ మాట కలుపుతుంది. 16వ చానల్ ఆపదకని ప్రపంచమంతా పెట్టుకున్నది. దానిమీద ఊరికే కబుర్లు చెప్పుకోకూడదు. చేతిలో పట్టుకునే చిన్న సెట్టు కొద్ది మైళ్ళే అందుతుంది.

ఆపద బటన్ పెట్టె ఇస్రో తయారు చేసింది. బటన్ నొక్కితే బోటు యాడుందో ఉపగ్రహం ద్వారా తెలిసి, కోస్టుగార్డుకు పోతుంది. 2010 నుంచి వాడుకలో ఉంది. మొదటి రకంలో మన కేక అందిందా లేదా అని బోటులోవాడికి తెలియదు. 2024లో వచ్చిన రెండో రకంలో అందిందని తిరుగు కబురు వస్తుంది.

జెమిని అనే పెట్టె 2019లో వచ్చింది. తుపాను హెచ్చరిక, అలల సంగతి, చేపలు దొరికే చోటు ఉపగ్రహం నుంచి తీసుకుని పక్కనున్న ఫోన్‌లో చూపిస్తుంది. ఆ సమాచారం హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సంస్థ తయారు చేస్తుంది. ఇది కబురు తెస్తుంది, మన కబురు తీసుకుపోదు.

ఒడ్డున ఉన్నవాళ్ళు గుర్తు పెట్టుకోవాల్సిన నంబర్లు రెండే. సముద్రంలో ఆపదకు కోస్టుగార్డు 1554. ఏ ఆపదకైనా 112.

ఎంత గొప్ప సామాను ఉన్నా ఏర్పాటు ముఖ్యమని చెప్పడానికి ఇంకో మాట. 2017 సెప్టెంబరులో గోవా నుంచి మన నేవీ ఆడపిల్లలు ఆరుమంది తారిణి అనే 55 అడుగుల తెరచాప పడవలో ప్రపంచం చుట్టడానికి పోయినారు. వాళ్ళలో ఇద్దరు తెలుగు పిల్లలు, విశాఖ స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య బొడ్డపాటి. 2018 మేలో క్షేమంగా తిరిగొచ్చినారు. ఏ రేవులో ఆగాలి, ఏ కాలంలో ఏ సముద్రం దాటాలి అన్నది ముందే రాసుకుని, దాని ప్రకారం పోయినారు. అంత దూరం పోయినోళ్ళకే కాగితం మీద ప్రయాణం ఉంటే, ఇరకం పోయేవాళ్ళకు ఉండద్దా?

మన కుర్రోళ్ళకు చెప్పింది

2011 క్రిస్మస్ దినాన పులికాటులో విహారానికి పోయిన పడవ తిరగబడి ఇరవైమందికి పైగా చనిపోయినారు. ఒడ్డు కనపడే దూరంలోనే జరిగింది. కాబట్టి మొదటి మాట, లైఫ్ జాకెట్ లేకుండా పడవలో కాలు పెట్టకూడదు. ఎనిమిదిమందికి ఎనిమిది. పడవ మోసే లెక్క పడవవాడు చెబుతాడు, మనం బేరం ఆడకూడదు. నలుగురే అంటే రెండు పడవలు చేసుకోండి.

రెండోది, తేదీ. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల కాలం, వద్దు. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు తగ్గుతాయి. శ్రీహరికోటలో రాకెట్టు వదిలే దినాల్లో ఆ చుట్టుపక్కల కట్టుబాట్లు ఉంటాయి, ముందే విచారించుకోండి. ఆ సరస్సులో పక్షుల అభయారణ్యం ఉంది, ఇష్టమొచ్చిన చోట దిగకూడదు. యాడ దిగచ్చో ఊరివాళ్ళను అడగండి.

మూడోది, కాగితం. పోయేవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు, పడవవాడి పేరు, నంబరు, ఇరకంలో రాత్రి ఎవరింట్లో ఉంటారు, ఆరంబాకంలో ఎప్పుడు ఎక్కుతారు, ఎప్పుడు దిగుతారు. మూడు కాపీలు రాయండి. ఒకటి కాలనీలో, ఒకటి ఆరంబాకం వియ్యంకుడి ఇంట్లో, ఒకటి పడవవాడి ఇంట్లో ఉండాల.

నాలుగోది, కబురు వేళలు. రోజంతా ఫోన్ చెయ్యద్దు, చార్జి అయిపోతుంది. ఎక్కేటప్పుడు ఒకటి, దీవిలో దిగినాక ఒకటి, మరుసటి దినం బయలుదేరేటప్పుడు ఒకటి, ఆరంబాకంలో దిగినాక ఒకటి. మొత్తం నాలుగే. సిగ్నలు బలంగా లేనప్పుడు మాట అందదు గానీ మెసేజి ఒక్కోసారి పోతుంది, అందుకని ‘దిగినాం’ అని ఒక్క మాట మెసేజి పెట్టండి. ఇద్దరి దగ్గర వేరే వేరే కంపెనీ సిమ్ములు ఉండాల. ఒక బటన్ ఫోన్‌కు నిండా చార్జి ఎక్కించి, ఆపేసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టుకోండి.

అయిదోది, ఒడ్డున ఉన్నవాళ్ళ పని. ఇది అమ్మలకు. చెప్పిన వేళకు కబురు రాకపోతే వెంటనే ఏడవద్దండి. గాలి ఆగితే పడవ ఆలస్యమవుతుంది. రెండు గంటలు చూడండి. తర్వాత వియ్యంకుడికి ఫోన్ చేస్తే ఆయన ఒడ్డుకు పోయి, వచ్చిన పడవలను విచారిస్తాడు. ఇంకో గంటకు కూడా తెలియకపోతే ఇక ఆలోచించద్దు, 112. ఆ చెరువు రెండు రాష్ట్రాల్లో ఉంది కాబట్టి ‘ఆరంబాకం నుంచి ఇరకం పోయిన పడవ’ అని రెండు ఊర్ల పేర్లూ చెప్పండి. కాగితం చేతిలో పెట్టుకుని చదివి చెప్పండి. భయంలో నోటికి ఏదీ రాదు.

కుర్రోళ్ళు మొదట నవ్వినారు. ‘తాతా, లొకేషను షేర్ చేస్తే చాలదా?’ అన్నారు. సిగ్నలు పోయినాక ఆ చుక్క కదలదు కదా, అప్పుడు మీ అమ్మ ఏమనుకుంటుంది అని అడిగితే ఎవరూ పలకలేదు. మరుసటి ఆదివారం వాళ్ళే నోటుబుక్కు తెచ్చి కూర్చున్నారు. పేర్లు రాసినారు. ఎనిమిదిమందిలో ఇద్దరికి ఈత రాదని ఆ పొద్దే తెలిసింది. ఇప్పుడు ఆ ఇద్దరూ పక్క ఊరి బావిలో నేర్చుకుంటా ఉన్నారు. వాళ్ళకు వచ్చినాకనే తేదీ పెడతారు.

బోటు పనికి పోయిన పిల్లలున్న ఇండ్లవాళ్ళు కూడా ఈ వారమే బోటు పేరు, నంబరు, ఓనరు ఫోన్, హార్బరు పేరు రాసిపెట్టుకోండి. రాయడం రాని అక్కలు సాయంత్రం నా దగ్గరకు రండి, రాసిస్తాను.