మోకాళ్ళ నొప్పులు: సూదిమందా? వ్యాయామమా?

ఆదివారపు ఆరాధనలో అయ్యగారు "మోకాళ్ళూని ప్రార్థించుకుందాము" అనగానే పిల్లలు, పడుచువారు వెంటనే మోకాళ్ళ మీదికి వస్తారు. చాపల మీద కూర్చున్న పెద్దమ్మలు మాత్రం ఒక చేయి నేలకు, ఒక చేయి గోడకు ఆనించి, "ప్రభువా" అని మూలుగుతూ, ఒక కాలు మడిచి ఒక కాలు చాచి సర్దుకుంటారు. ఆరాధన ముగిసిన తరువాత వారిని లేపడానికి ఇద్దరు కావాలి. ఆ ఇబ్బందికి సిగ్గుపడి మందిరానికి రావడమే తగ్గించుకున్న వారు ప్రతి సంఘములోను ఉన్నారు.

ఏళ్ళ తరబడి నాట్లలో, కలుపులో, గొంతుకూర్చుని చేసిన వంటపనిలో అరిగిన మోకాళ్ళవి. నొప్పి మొదలైతే పల్లెలో మొదట దొరికేది సూదిమందు. పట్టణములో ఎముకల డాక్టరు వద్దకు వెళితే, "కీలులో స్టెరాయిడ్ ఇంజక్షన్ వేయమంటారా, ఫిజియోథెరపీ చేయించుకుంటారా?" అని అడుగుతారు. ఏమి చెప్పాలో తెలియక ఇంటిల్లిపాదీ ఒకరి ముఖము ఒకరు చూసుకుంటారు. అటువంటి కుటుంబముల కొరకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఒక బైబిలు స్త్రీ అనుభవము

మేమెరిగిన ఒక బైబిలు స్త్రీ ముప్పది సంవత్సరములు పల్లె పల్లెకు నడిచి సువార్త చెప్పింది. అరవై దాటగానే రెండు మోకాళ్ళూ పట్టేశాయి. ఊరిలో వైద్యము చేసే ఒకాయన తుంటికి ఒక ఇంజక్షన్ చేసి, పొట్లములో నాలుగు మాత్రలు కట్టి ఇచ్చాడు. మరునాటికి ఆమె చక్కగా నడిచింది. ఆ ఆదివారము సంఘములో సాక్ష్యము కూడా చెప్పింది.

మూడు వారములకు నొప్పి తిరిగి వచ్చింది. మరల సూది. ఈసారి పదిహేను రోజులే పనిచేసింది. ఇలా రెండేళ్ళు గడిచాయి. ఆమె ముఖము గుండ్రముగా ఉబ్బింది. "ఒళ్ళు చేశావమ్మా, బాగున్నావు" అన్నారు చూసినవారు. అది ఆరోగ్యము కాదు. తరువాత షుగరు వచ్చింది, కాలికి తగిలిన చిన్న దెబ్బ మానలేదు. చివరకు మిషను ఆసుపత్రికి తీసుకొని వెళితే డాక్టరమ్మగారు మొదట అడిగిన ప్రశ్న, "ఇన్నాళ్ళు వేయించుకున్న ఇంజక్షన్ పేరేమిటి?" అని. ఎవరికీ తెలియదు. చీటీ లేదు. ఆమె ముఖమును, పలచబడిన చర్మమును చూసి డాక్టరమ్మగారే గ్రహించారు, అది స్టెరాయిడ్ అని.

స్టెరాయిడ్ అంటే ఏమిటి?

స్టెరాయిడ్ విషము కాదు. మన మూత్రపిండముల పైనున్న చిన్న గ్రంథులు ప్రతిదినము అటువంటి పదార్థమును తయారు చేస్తూనే ఉంటాయి. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ ఫిలిప్ హెంచ్, కీళ్ళవాతముతో మంచాన పడియున్న ఒక స్త్రీకి మొదటిసారిగా కార్టిసోన్ ఇచ్చారు. కొద్ది దినములలోనే ఆమె లేచి నడిచింది. ఆ కృషికి 1950లో ఆయనకు, మరి ఇద్దరు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమానము లభించింది. అయితే ఆ మందును ఎక్కువ కాలము వాడిన వారిలో ముఖము ఉబ్బడము, ఎముకలు గుల్లబారడము, షుగరు, రక్తపోటు పెరగడము వైద్యులు త్వరలోనే గమనించారు. అందుకే కీలులోనే కొద్దిగా ఎక్కించే పద్ధతి 1950 తరువాత వాడుకలోకి వచ్చింది.

కాబట్టి రెండు రకముల సూదులను వేరుగా చూడాలి. తుంటికో, చేతికో వేసే స్టెరాయిడ్ ఒళ్ళంతా పాకుతుంది. మోకాలి అరుగుదలకు నెలనెలా దానిని వేయించుకోవడము ఏ విధముగానూ మంచి వైద్యము కాదు. ఎముకల డాక్టరు శుభ్రమైన పద్ధతిలో కీలులోనికి ఇచ్చే ఇంజక్షన్ వేరు. దానికి ఒక స్థానమున్నది, ఒక హద్దు కూడా ఉన్నది.

కీలులో వేసే సూది ఎంతవరకు?

మోకాలు వాచి, మండుతున్నట్లు నొప్పి పుట్టి, రాత్రి నిద్ర లేకుండా చేసినప్పుడు ఈ ఇంజక్షన్ వాపును అణచివేస్తుంది. రెండు మూడు దినములలో ఉపశమనము కలుగుతుంది. అది చాలామందికి కొన్ని వారములే ఉంటుంది. అరిగిన గుజ్జును అది తిరిగి పెంచదు.

పదేపదే వేయించుకుంటే మేలు జరుగుతుందా? 2017లో అమెరికాలో ఒక పరిశోధన ఫలితములు వెలువడ్డాయి. మోకాలి అరుగుదల ఉన్న 140 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపునకు 12 వారములకొకసారి రెండేళ్ళపాటు కీలులో స్టెరాయిడ్, రెండవ గుంపునకు వట్టి ఉప్పునీటి ఇంజక్షన్ ఇచ్చారు. రెండేళ్ళ తరువాత నొప్పి విషయములో ఇరువురికీ చెప్పుకోదగిన తేడా లేదు. కాని స్టెరాయిడ్ తీసుకున్నవారి మోకాళ్ళలో గుజ్జు ఎక్కువగా అరిగింది. అందుకే వైద్యులు ఒకే కీలులో మూడు నెలలలోపు మరల ఇంజక్షన్ వేయడానికి సాధారణముగా ఒప్పుకోరు.

షుగరు ఉన్నవారు ఇంజక్షన్‌కు ముందే ఆ సంగతి చెప్పాలి. కీలులో వేసినా కొన్ని దినములు షుగరు పెరుగుతుంది. ఇంజక్షన్ తరువాత కీలు ఎర్రబడి, వేడిగా వాచి, జ్వరము వస్తే ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. కీలులో చీము చేరడము అరుదే, కాని చాలా ప్రమాదకరము.

ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టించుకోవడమేనా?

"అది కూడా చూశామండీ, పది రోజులు కరెంటు పెట్టించుకున్నాము, తగ్గలేదు" అని చాలామంది అంటారు. కరెంటు, మైనపు కాపడము కొంతసేపు హాయినిస్తాయి. అసలు మందు అవి కావు, వ్యాయామము. మోకాలి బరువును మోసేది ఎముక ఒక్కటే కాదు, ముందు తొడ కండరము కూడా. నొప్పికి భయపడి కదలక కూర్చుంటే ఆ కండరము చిక్కిపోతుంది. అది చిక్కితే భారమంతా కీలు మీద పడి నొప్పి ఇంకా పెరుగుతుంది. ఈ గొలుసును త్రెంచేది వ్యాయామమే.

2020లో వెలువడిన మరియొక పరిశోధన మన ప్రశ్నకు సూటిగా జవాబిస్తున్నది. అమెరికా సైనిక వైద్య వ్యవస్థలో 156 మంది మోకాలి రోగులలో సగము మందికి కీలులో స్టెరాయిడ్, సగము మందికి ఫిజియోథెరపీ ఇచ్చి ఒక సంవత్సరము చూశారు. నొప్పిని, బిగుతును, పనిలో ఇబ్బందిని కలిపి 240 వరకు మార్కులు వేసే లెక్కలో మొదట ఇరువురికీ సుమారు 108 ఉన్నాయి. ఈ లెక్కలో మార్కులు తగ్గితే బాధ తగ్గినట్లు. ఏడాది చివర ఇంజక్షన్ వారికి సుమారు 56కు, ఫిజియోథెరపీ వారికి 37కు తగ్గాయి. రెండింటి వలనా మేలు కలిగింది. అయితే సంవత్సరము గడిచేసరికి వ్యాయామము చేసినవారే ఎక్కువ బాగున్నారు.

ఇంటిలో చేయదగినవి

మొదట ఒక్కసారైనా ఫిజియోథెరపిస్టు వద్ద నేర్చుకోవడము మంచిది. జిల్లా ఆసుపత్రులలోను, వైద్య కళాశాలల ఆసుపత్రులలోను ఈ విభాగము ఉంటుంది. సాధారణముగా నేర్పేవి ఇవి:

ఒకటి: మంచము మీద కాలు చాచి, మోకాలి క్రింద మడిచిన తువ్వాలు పెట్టి, దానిని మోకాలితో క్రిందికి నొక్కి, ఐదు లెక్కపెట్టి వదలండి. పది మార్లు.

రెండు: వెల్లకిలా పడుకొని, ఒక మోకాలు మడిచి, రెండవ కాలును వంచకుండా జానెడెత్తు లేపి, ఐదు లెక్కపెట్టి మెల్లగా దించండి. పది మార్లు.

మూడు: గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, వీలైనంత వరకు చేతుల ఊతము లేకుండా లేచి, మెల్లగా కూర్చోండి. మొదట ఐదు మార్లు చాలు.

నాలుగు: చదునైన బాట మీద నడవండి. ఈ రోజు ఎంత నడవగలరో అంతే. వారము వారము కొంచెము పెంచండి.

చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉంటే భయము లేదు. మరునాటికి నొప్పి ఎక్కువైనా, కీలు వాచినా లెక్క తగ్గించండి. ఫలితము మూడు దినములలో కనబడదు, ఆరు నుండి ఎనిమిది వారములు పడుతుంది. సూదికీ వ్యాయామానికీ తేడా ఇక్కడే ఉన్నది. సూది తొందరగా పనిచేసి తొందరగా వదిలిపోతుంది. వ్యాయామము ఆలస్యముగా పనిచేసి, మానకుండా చేసినంత కాలము నిలుస్తుంది.

ఒళ్ళు బరువు ఉన్నవారు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోను మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారము తగ్గుతుంది. గొంతుకూర్చునే పనులకు ఎత్తైన పీట వాడండి. మరుగుదొడ్డిలో కుర్చీ ఏర్పాటు చేసుకోండి. చేతికర్రను నొప్పి ఉన్న మోకాలికి ఎదుటి వైపు చేతితో పట్టుకోండి. "కర్ర పట్టుకుంటే ముసలిదాన్నంటారు" అనే అమ్మలకు ఒక మాట. యాకోబు తన అవసాన కాలములో చేతికర్ర మీద ఆనుకొనే దేవునికి నమస్కరించాడని హెబ్రీ పత్రిక చెబుతున్నది. కర్ర సిగ్గుపడవలసినది కాదు.

అయితే ఏది ఎంచుకోవాలి?

అరుగుదల వలన వచ్చిన మోకాలి నొప్పికి మొదటి స్థానము వ్యాయామమునకే ఇవ్వండి. నొప్పి వలన వ్యాయామము మొదలుపెట్టడమే కష్టమైతే, డాక్టరు సలహాతో కీలులో ఒక ఇంజక్షన్ తీసుకొని, ఆ నాలుగైదు వారముల ఉపశమనములో కాలికి బలము సంపాదించుకోండి. నొప్పి తగ్గిందని ఆ వారములు ఊరకే కూర్చుంటే తిరిగి మొదటికే వస్తారు.

కీళ్ళ నొప్పులన్నీ అరుగుదల కావు. ఉదయము లేవగానే రెండు చేతుల వ్రేళ్ళ కణుపులు గంటకు పైగా బిగుసుకొని, వాచి ఉంటే అది రుమటాయిడ్ కీళ్ళవాతము కావచ్చు. దానికి వ్యాయామము మాత్రమే చాలదు. త్వరగా నిపుణుని చూసి, కీళ్ళు వంకర పోకముందే మెథోట్రెక్సేట్ వంటి మందులు ఆరంభించాలి. ఆ మాత్ర వారమునకు ఒక్కసారే వేసుకోవాలి, ప్రతిదినము వేసుకుంటే ప్రాణాపాయము.

ఎక్కడ సూది వేయించుకున్నా మందు పేరు చీటీ మీద వ్రాయించుకోండి. నెలల తరబడి స్టెరాయిడ్ వాడినవారు ఈ వ్యాసము చదివి ఒక్కసారిగా మానవద్దు. శరీరము తనంతట తాను దానిని తయారు చేయడము తగ్గించి ఉంటుంది. డాక్టరు చెప్పినట్లు మెల్లమెల్లగా తగ్గించుకోవాలి.

విశ్వాసమూ వ్యాయామమూ

"ప్రార్థన చేస్తున్నాము కదా, ఇవన్నీ ఎందుకు?" అని కొందరు అడుగుతారు. హిజ్కియా రాజు ప్రార్థనను దేవుడు విన్నాడు. అయినను అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని చెప్పినవాడు యెషయా ప్రవక్తయే.

రాయవేలూరు ఆసుపత్రిలో డాక్టర్ మేరీ వర్గీస్‌గారి జీవితమును చూడండి. 1954లో జరిగిన ప్రమాదములో ఆమెకు నడుము క్రింది భాగము చచ్చుబడిపోయింది. తిరిగి నడవలేకపోయారు. అయినా చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. అవయవములు దెబ్బతిన్నవారికి తిరిగి బ్రతుకు నేర్పే విద్యను అభ్యసించి, ఆ ఆసుపత్రిలో అందుకు ఒక విభాగమును నడిపించారు. దాని పునరావాస కేంద్రము 1966లో ఆరంభమైంది. దేవుడు మిగిల్చిన బలమును వాడుకోవడము కూడా ఆయనను ఘనపరచడమే.

సంఘ పెద్దలకు మా మనవి ఒకటున్నది. మందిరములో గోడ ప్రక్కన పది కుర్చీలు వేయించండి. సొలొమోను మోకాళ్ళూని ప్రార్థించాడు. దావీదు యెహోవా సన్నిధిని కూర్చుండి ప్రార్థించాడు. దేవుడు ఇద్దరి ప్రార్థనలూ విన్నాడు.

ఆ బైబిలు స్త్రీ విషయము చెప్పి ముగిస్తాము. డాక్టరమ్మగారు ఆమె మందును నెలల మీద తగ్గించారు. షుగరుకు మాత్రలు ఇచ్చారు, పుండు మానింది. వ్యాయామము నేర్పినప్పుడు ఆమె, "ఇవన్నీ నాకు గుర్తుండవమ్మా" అన్నది. "మీరు రోజూ ఉదయము, సాయంత్రము వాక్యము చదువుతారు కదా, చదివే ముందు పది మార్లు కాలు లేపండి" అన్నారు డాక్టరమ్మగారు. ఆమె అలాగే చేస్తున్నది. మునుపటి వలె పల్లెలు తిరగలేదు, మోకాళ్ళూనలేదు. కాని ప్రతి ఆదివారము చేతికర్రతో తనంతట తానే మందిరానికి వచ్చి, గోడ ప్రక్కన కుర్చీలో కూర్చుంటుంది. ఆరాధన ముగియగానే ఎవరి చేయి పట్టకుండా లేస్తుంది.