తిత్తులు, గొట్టాలు, ఊపిరి: జర్మనీ చర్చి ఆర్గన్‌లతో నా పరిచయం

పద్యనాటకాలలో హార్మోనియం వింటూ పెరిగినవారికి చర్చి ఆర్గన్ దూరపు బంధువుగా తోస్తుంది. రెండింటికీ తిత్తులున్నాయి, మెట్లున్నాయి. బంధుత్వం అంతటితో సరి. హార్మోనియంలో స్వరాన్ని నిర్ణయించేది కంపించే ఇత్తడి రేకు. ఆర్గన్‌లోని అధికభాగం గొట్టాలలో అట్టి రేకు లేదు. వేణువులో వలె వాయుస్తంభమే కంపిస్తుంది. సుమారు 8 అడుగుల గొట్టం సెకనుకు 65 కంపనాలు గల స్వరాన్ని పలికితే, 16 అడుగులది దాని కింది స్థాయిని పలుకుతుంది. గొట్టం పైకొనను మూసివేస్తే సగం పొడవుతోనే అదే స్వరం వస్తుంది. చోటు చాలని చిన్న చర్చిలకు ఈ కిటుకు ఒక వరం.

నేను మొదట వాయించినది జర్మనీలోని ఒక గ్రామంలో అటువంటి చిన్న ఆర్గనే. ఒకే మెట్ల వరుస, నాలుగు స్టాపులు. స్టాపు అనగా ఒకే నాదగుణం గల గొట్టాల శ్రేణి. మన హార్మోనిస్టు తిత్తిని అదిమి నాదాన్ని పెంచగలడు, తగ్గించగలడు. ఆర్గన్‌లో తిత్తిపై బరువులుంచి గాలి ఒత్తిడిని ఒకే తీరున నిలుపుతారు. మెట్టును ఎంత గట్టిగా నొక్కినా నాదం పెరగదు. ఇక భావం పలికించడానికి మిగిలేది కాలమే: స్వరాన్ని ఎంతసేపు నిలిపాము, రెండు స్వరాల నడుమ ఎంత మౌనం విడిచాము అన్నదే.

ఒక జనవరిలో, వేడి పెట్టని ఆ చర్చిలో, అంత్యక్రియలకు వాయించవలసివచ్చింది. మరణించిన వృద్ధుడు బాల్యంలో అదే ఆర్గన్‌కు తిత్తులు తొక్కినవాడట. ఉష్ణోగ్రత 20 డిగ్రీల నుండి 5 డిగ్రీలకు పడిపోతే ధ్వని వేగం తగ్గి, గొట్టాల శ్రుతి రెండున్నర శాతానికి పైగా దిగుతుంది. అన్నీ కలిసి దిగినందున పాడేవారికి ఆ తేడా తెలియలేదు. పెద్ద ఆర్గన్‌లలో రేకు గొట్టాలు కూడా ఉంటాయి. అవి అంతగా దిగవు. చలికాలంలో ఈ రెండు వర్గాలకూ పొత్తు కుదరదు.

తరువాత ఒక నగరంలో మూడు మెట్ల వరుసల ఆర్గన్ వాయించే అవకాశం లభించింది. అక్కడి చిక్కు వేరు. 34 మీటర్ల దూరానికి ధ్వని చేరడానికి సెకనులో పదోవంతు పడుతుంది. వారి పాట మనకు తిరిగి చేరడానికి మరో పదోవంతు. వినిపించే పాటను అనుసరించామా, పాట అంతకంతకూ మందగిస్తుంది. చేతులను నమ్మాలే గాని చెవులను కాదు. పస్సావు కెథెడ్రల్‌లో 17,974 గొట్టాలున్నాయి. అక్కడి వాద్యకారుల నిగ్రహం ఊహించుకోవలసిందే.

బాఖ్ ఏ ఆర్గన్‌ను పరీక్షించినా ముందు స్టాపులన్నీ తెరిచి దాని ఊపిరితిత్తులెంత గట్టివో చూసేవాడని ఆయన కుమారుడు రాశాడు. (ఊపిరికీ ఆర్గన్‌కూ ‘తిత్తి’ అన్న ఒకే మాటను వాడుకునే వీలు మన భాషకుంది!) 1746లో నౌంబుర్గ్‌లో హిల్డెబ్రాంట్ నిర్మించిన ఆర్గన్‌ను పరీక్షించినవారు బాఖ్, జిల్బర్మన్‌లు. అది నేటికీ మోగుతున్నది.

2017లో యునెస్కో జర్మనీ ఆర్గన్ నిర్మాణకళనూ సంగీతాన్నీ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు పేర్కొన్న లెక్క ఇది: ఆర్గన్‌లు 50,000కు పైగా, పూర్తికాలపు వాద్యకారులు 3,500. తక్కిన భారమంతా నావంటి ఔత్సాహికులదే. నేను ఆ గ్రామం విడిచాక నెలకొకసారి పక్క ఊరి ఉపాధ్యాయురాలు వచ్చి వాయిస్తున్నది. తక్కిన ఆదివారాలలో వాద్యం లేకుండానే పాడుకుంటున్నారు.