వైద్యానికి పెట్టే రూపాయి - దాని రాబడి

పాడిరైతు దాణా కొనేటప్పుడు బస్తా ధర ఒక్కటే చూడడు. ఆ దాణాతో గేదె ఎన్ని లీటర్లు ఇచ్చింది, వెన్న శాతం ఎంత వచ్చిందనీ చూస్తాడు. ఇంట్లో వైద్యానికి పెట్టే డబ్బు విషయంలో మాత్రం ఈ లెక్క మరచిపోతాం. బిల్లు పెద్దదైతే వైద్యం గొప్పదనుకుంటాం. ఆరోగ్య అర్థశాస్త్రం అడిగేది కూడా పాడిరైతు ప్రశ్నే: పెట్టిన రూపాయికి ఎంత ఆరోగ్యం వచ్చింది?

ఒక ఉదాహరణ. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ వద్ద శరణార్థులలో కలరా చెలరేగింది. నరానికి ఎక్కించే సెలైన్ చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన పొడిని నీళ్లలో కలిపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. అంతకుముందు నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 లోపుకు దిగాయి. గ్లూకోజు తోడుంటే పేగు ఉప్పును, దానితోపాటు నీటిని పీల్చుకుంటుంది. ఆ పొడిని మెరుగుపరచినదే నేటి ఓ.ఆర్.ఎస్. పొట్లం.

మన పల్లెల్లో మాత్రం నీరసమని చెప్పి, అడిగి మరీ సెలైన్ ఎక్కించుకునే అలవాటు పోలేదు. అరలీటరు మామూలు సెలైన్ సీసాలో ఉండేది నీరు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. అందులో బలం ఎక్కడిది? దానికి వందలు పోయడం పత్తిగింజలు కొని తొట్టి బయట పోసినట్లే.

పొదుపంటే ఆస్పత్రికి పోకపోవడం కాదు. విరేచనాలైన బిడ్డ మగతగా పడివున్నా, తాగలేకపోయినా, తాగినదంతా కక్కుతున్నా, మలంలో రక్తం కనిపించినా క్షణం ఆలస్యం చేయరాదు. అక్కడ సెలైన్ ప్రాణం నిలుపుతుంది. ఆ ఖర్చు దండుగ కాదు.

జబ్బు రాకముందు పెట్టే ఖర్చు ఇంకా చౌక. గాలికుంటు టీకా వేయించే సభ్యులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పసిపిల్లల విరేచనాలకు ముఖ్య కారణమైన రోటావైరస్‌కు 2016లో ప్రభుత్వ టీకా మొదలైన తొలి నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. బిడ్డకు 6, 10, 14 వారాల వయసులో ఉచితంగా వేస్తారు.

పెద్ద పొట్లం మొత్తాన్ని ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. పాడి ఉన్న ఇళ్లలో పాలలో కలిపితే మంచిదనుకుంటారేమో, అలా చేయరాదు. బిడ్డకు తల్లిపాలు ఆపరాదు. వైద్యులు చెప్పిన మోతాదులో జింకు మాత్రలు 14 రోజులు ఇవ్వాలి. కలిపిన నీరు 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలుపుకోవాలి.